కొందరి చావునే తలచుకునే వక్తను సంస్మరణ సభకు పిలవాలా?

ప్రశ్న: నాది నెల్లూరు. ఉద్యోగరీత్యా పదకొండేళ్ళుగా చెన్నైలో, వేళచ్చేరిలో ఉంటున్నాను. 2023 చివర్లో గాజా మీద బాంబులు పడుతున్నప్పుడు మనసు పట్టక, కొందరు తెలుగు, తమిళ మిత్రులం కలిసి యుద్ధాలకు వ్యతిరేకంగా ఒక చిన్న బృందంగా ఏర్పడ్డాం. నెలకొకసారి కలుసుకుంటాం, కరపత్రాలు రాసి పంచుతాం, అప్పుడప్పుడూ హాలు అద్దెకు తీసుకుని సభ పెడతాం. ముప్పై మంది వస్తే ఎక్కువ. ఈసారి మే 18న, 2009లో శ్రీలంక అంతర్యుద్ధం ముగిసిన ముళ్ళివాయ్క్కాల్‌లో చనిపోయిన తమిళుల సంస్మరణ సభ జరపాలని నిర్ణయించాం. మా అందరికంటే పెద్దవారు, మేం అన్నా అని పిలిచే ఒకాయన, శ్రీలంకలో తమిళుల ప్రత్యేక దేశం కోసం తుపాకీ పట్టిన ఎల్టీటీఈని, అంటే పులులను, బాహాటంగా సమర్థించే ఒక వ్యక్తిని ప్రధాన వక్తగా పిలిచారు. పులులు చంపినవాళ్ళందరూ ద్రోహులేననీ, వాళ్ళ కోసం బాధపడనవసరం లేదనీ ఆ వక్త ఇదివరకు సభల్లో అనడం నేను స్వయంగా విన్నాను. మా బృందంలో ఒక శ్రీలంక తమిళ అమ్మాయి ఉంది. 2006లో తల్లితో పడవలో ధనుష్కోటికి చేరి, మండపం శిబిరంలో పెరిగి, ఇప్పుడు ఇక్కడ ఉద్యోగం చేస్తోంది. ఆమె అన్నను పదహారో ఏట పులులు ఇంట్లోంచి పట్టుకుపోయారు. అతను మళ్ళీ రాలేదు. 'ఆయన వేదిక ఎక్కితే నేను హాలుకు రాను' అని ఒక్క మాట చెప్పి ఊరుకుంది. మా బృందం అన్నగారిని అడిగితే, అసలు చంపింది ప్రభుత్వమైనప్పుడు ఈ మనిషి నోరు మూయించడం ఎందుకంటారు. ఆయన వస్తే రెండు వందల మంది వస్తారంటారు. తెలుగువాళ్ళం, తమిళుల పోరాటానికి మనం తీర్పరులమా అని కూడా అంటారు. ఆ చివరి మాటకు నా దగ్గర జవాబు లేదు. నేను సర్దుకుపోవాలా, ఎదిరించాలా, బృందం విడిచి వెళ్ళిపోవాలా?

— ఒక పాఠకురాలు, చెన్నై

సమాధానం: ముందు జవాబు సూటిగా చెప్పి, తర్వాత కారణాలు రాస్తాను. ఆ వక్తను ఆ సభలో మాట్లాడించవద్దని మీరు అడగాలి. మొదట అన్నగారిని ఒంటరిగా కలిసి అడగండి, తర్వాత బృందం అందరి ముందూ అడగండి. అప్పటికీ ఎవరూ వినకపోతే ఆ సభ నిర్వాహకులలో మీ పేరు ఉండనివ్వకండి. అయితే ఈ ఒక్క సభ కోసం బృందాన్ని వదులుకోవద్దు. ముప్పై మందితో రెండేళ్ళకు పైగా ఒక పని నిలబెట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు.

అన్నగారు చెప్పిన మొదటి మాటలో నిజం ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 2009లో జనవరి నుంచి మే మూడో వారం దాకా ఉత్తర శ్రీలంకలోని వన్ని ప్రాంతంలో అక్కడి ప్రభుత్వం చేసినది ఘోరం. ఇక్కడ కాల్పులు జరపబోమని తానే ప్రకటించిన ప్రాంతాలలోకి ప్రజలను రమ్మని, అక్కడికే ఫిరంగి గుండ్లు పంపింది. ఆసుపత్రుల మీద పదేపదే గుండ్లు పడ్డాయి. ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యదర్శి నియమించిన నిపుణుల బృందం 2011లో ఇచ్చిన నివేదిక, ఆ చివరి దశలో మరణించిన పౌరులలో అత్యధికులు ప్రభుత్వ సైన్యం గుండ్లకే బలయ్యారని, మృతుల సంఖ్య 40,000 దాకా ఉండవచ్చునని చెప్పింది. ఆ రోజుల్లో ఈ నగరం ఎలా ఉడికిపోయిందో, 2009 జనవరి 29న నుంగంబాక్కంలో శాస్త్రి భవన్ ఎదుట ఒక యువకుడు ఒంటికి నిప్పంటించుకున్నాక వీధులు ఎలా నిండిపోయాయో అన్నగారి వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఆయన కోపం వెనుక ఆ జ్ఞాపకం ఉందేమో మీరు ఒకసారి ఆలోచించాలి. ఎందుకంటే ఆయనతో మాట్లాడబోయేది మీరు, ఆ కోపాన్ని కాదని మొదలుపెడితే మాట ముందుకు సాగదు.

కానీ అదే నివేదిక ఇంకొక సంగతి కూడా చెప్పింది. దాదాపు 3,30,000 మంది పౌరులు కుంచించుకుపోతున్న ఆ ఇసుక నేల మీద ఇరుక్కుపోయి ఉంటే, పులులు వాళ్ళను బయటికి పోనివ్వలేదు. తమకూ సైన్యానికీ మధ్య వాళ్ళను అడ్డుగా ఉంచారు. ఫిబ్రవరి నుంచి, పారిపోవడానికి ప్రయత్నించిన వాళ్ళను దగ్గర నుంచి కాల్చారు. పద్నాలుగేళ్ళ పిల్లలను కూడా బలవంతంగా తీసుకుపోయి ముందు వరుసలలో నిలబెట్టారు. ఇవి కొలంబో ప్రభుత్వం అచ్చువేసిన ప్రచార పత్రంలోని మాటలు కావు. ప్రభుత్వాన్ని దోషిగా నిలబెట్టిన నివేదికలోని మాటలే. మొదటి సగాన్ని గొంతెత్తి చదివి, రెండో సగం వచ్చేసరికి కాగితం మడిచి జేబులో పెట్టుకునే మనిషిని మీరు ప్రధాన వక్తగా కూర్చోబెడుతున్నారు.

మీ మిత్రురాలి అన్న ఎక్కడ, ఎలా పోయాడో మీ ఉత్తరంలో లేదు, బహుశా ఆమెకూ తెలిసి ఉండదు. అతని ప్రాణం తీసినది సైన్యం గుండే కావచ్చు. పదహారేళ్ళ కుర్రవాణ్ణి ఇంట్లోంచి ఈడ్చుకుపోయి ఆ గుండుకు ఎదురుగా నిలబెట్టింది ఎవరు? మీరు జరపబోయే సంస్మరణ అతనికి కూడా చెందినదే కదా. అతణ్ణి పట్టుకుపోయిన వాళ్ళు చేసిందంతా సరైనదేనని నమ్మే మనిషి అతని పేర దీపం వెలిగిస్తుంటే ఆ చెల్లెలు హాలులో కూర్చుని చూడాలని ఎవరు అడగగలరు? ఆమె వాదించలేదని రాశారు. వాదించవలసిన అవసరం ఆమెకు లేదు, ఆమె మాట్లాడకుండా ఉండగలిగేలా చూడడం మిగతావాళ్ళ బాధ్యత. ఇటువంటి పిల్లల లెక్క యూనిసెఫ్ దగ్గర వేల సంఖ్యలో నమోదై ఉంది. ఆ తల్లిదండ్రులలో అనేకులు తమిళులే, పులులు ఎవరి పేరు మీద పోరాడుతున్నామన్నారో ఆ జనమే.

నా అనుభవం ఒకటి చెప్పాలి. అదే 2009లో, ఏప్రిల్ నెలలో, ఈ నగరంలోనే ఒక చిన్న సభ నిర్వాహకులలో నేనూ ఒకదాన్ని. వక్త మంచి మాటకారి. మొదటి అరగంట అందరినీ ఏడిపించాడు. తర్వాత గొంతు మార్చి, ఉద్యమానికి ద్రోహం చేసి తగిన శిక్ష పొందినవారంటూ పేర్లు వరసగా చెప్పడం మొదలుపెట్టాడు. చప్పట్లు కూడా పడ్డాయి. వెనక వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన, యాళ్పాణం (జాఫ్నా) వారు, మా సభలకు ప్రతిసారీ వచ్చి ఒక్క మాట కూడా మాట్లాడకుండా విని వెళ్ళేవారు. ఆయన ఆ పేర్లలో ఒక పేరు దగ్గర లేచారు, చేతిలోని రుమాలు మడత పెట్టుకున్నారు, కుర్చీ చప్పుడు కాకుండా జరిపి వెళ్ళిపోయారు. నేను తలుపు దగ్గరే ఉన్నాను. ఆయన వెనక వెళ్ళలేదు. సభ మధ్యలో లేస్తే బాగుండదనుకున్నాను. ఆయన మళ్ళీ ఎప్పుడూ మా సభలకు రాలేదు, ఆ పేరు గల మనిషి ఆయనకు ఏమవుతారో నేను ఇప్పటికీ ఎరగను. ఆ రోజు హాలు నిండింది, మా లెక్క ప్రకారం సభ విజయవంతమైంది. రెండు వందల మంది వస్తారని అన్నగారు అన్నప్పుడు, ఆయన లెక్కలోకి రాని ఇటువంటి వాళ్ళను గురించి అడగండి. వచ్చినవాళ్ళు కంటికి కనబడతారు, రావడం మానుకున్నవాళ్ళను ఎవరూ లెక్కపెట్టరు.

నోరు మూయించడం అనే మాటను కూడా కాస్త విడదీసి చూడాలి. ఆయన తన సభ తాను పెట్టుకుంటే అడ్డుపడమని మీకు ఎవరూ చెప్పడం లేదు, నేను అసలే చెప్పను. ఆయన్ని పోలీసులు పట్టుకుపోతే ఆ అరెస్టును ఖండిస్తూ మీరు కరపత్రం వేయాలి, నేనూ సంతకం పెడతాను. 2017 మేలో ఈ మృతుల కోసమే మెరీనాలో కొవ్వొత్తులు వెలిగించబోయిన నలుగురి మీద గూండా చట్టం పెట్టి నెలల తరబడి జైల్లో ఉంచారు. సెప్టెంబరులో మద్రాసు హైకోర్టు ఆ నిర్బంధాన్ని కొట్టివేసింది. అటువంటి వేళ ఆ నలుగురి అభిప్రాయాలు మనకు నచ్చాయా లేదా అని చూడకూడదు. మాట్లాడే హక్కు ఆయనదే, కానీ వేదిక మీది, కరపత్రంలో యుద్ధాలకు వ్యతిరేకం అని రాసుకున్నదీ మీరే. మీ ఇంట్లో భోజనానికి పిలవనంత మాత్రాన ఎదుటి మనిషికి అన్నం దొరకకుండా చేసినట్టు కాదు.

చట్టం ఊసు మీరు అడగలేదు గాని చెప్పకుండా ఉండలేను. ఎల్టీటీఈ మీద మన దేశంలో 1992 మేలో విధించిన నిషేధాన్ని పొడిగిస్తూ వచ్చారు, చివరిగా 2024 మేలో మరో అయిదేళ్ళకు పొడిగించారు. చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం, అంటే మనం ఉపా అని పిలిచేది, దానిలోని 39వ సెక్షను ప్రకారం నిషిద్ధ సంస్థ కార్యకలాపాలను పెంపొందించే ఉద్దేశంతో దాన్ని సమర్థించే సభను ఏర్పాటు చేయడం, అందులో తోడ్పడడం కూడా నేరాలే. శిక్ష పదేళ్ళ వరకూ ఉండవచ్చు. 2002లో ఉగ్రవాద నిరోధక చట్టం పోటా కింద అరెస్టయిన తమిళనాడు నాయకుడు వైకో పులులను సమర్థిస్తూ మాట్లాడినందుకే ఏడాదిన్నరకు పైగా జైల్లో ఉన్నారు. ఉగ్రవాద చర్యను ప్రోత్సహించే ఉద్దేశం లేకుండా ఊరికే సానుభూతి మాట చెప్పడం నేరం కాదన్న అర్థంలో సుప్రీంకోర్టు 2003 డిసెంబరులో తీర్పు చెప్పింది. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ ఉందో మీ సభకు ముందు ఒక న్యాయవాదిని అడిగి తెలుసుకోండి, ముఖ్యంగా శరణార్థిగా ఇక్కడ ఉన్న మీ మిత్రురాలికి ఈ ప్రమాదం మీకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అయితే అన్నగారితో మాట్లాడేటప్పుడు ఈ కారణాన్ని ముందుకు తేవద్దు. పోలీసుల భయంతో వెనకడుగు వేస్తున్నారని ఆయనకు అనిపిస్తే మీ అసలు మాట ఆయన చెవిన పడదు. చట్టం ఆ సంస్థను రేపు ఉదయమే అనుమతించినా నా సలహా ఇదే.

మనం తీర్పరులమా అన్న ప్రశ్న దగ్గర మీరు ఆగిపోయారు. దానికి జవాబు మన తెలుగు నేల మీదే ఉంది. తెలుగువాళ్ళు ఈ తగాదాను రెండు దశాబ్దాలు రక్తం ధారపోసి తేల్చుకున్నారు. 1985 సెప్టెంబరు 3న వరంగల్లులో పౌరహక్కుల సంఘం నాయకుడు, పిల్లల వైద్యుడు డాక్టర్ రామనాథాన్ని పోలీసులు ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. అంత మూల్యం చెల్లించిన సంఘం రాజ్యహింసను ప్రశ్నించడంలో ఎన్నడూ వెనుకాడలేదు. ఆ సంఘానికి ఏళ్ళ తరబడి ప్రధాన కార్యదర్శిగా ఉండి, ఎదురుకాల్పుల పేరుతో జరిగిన హత్యలను ఊరూరా తిరిగి నమోదు చేసిన బాలగోపాల్, నక్సలైట్లు చేసే హత్యలను, ఇన్‌ఫార్మర్లన్న ముద్ర వేసి పేదవాళ్ళను చంపడాన్ని కూడా హక్కుల సంఘం ప్రశ్నించాలన్నారు. ఆ వాదం చెల్లక బయటికి వచ్చి 1998లో మానవ హక్కుల వేదికను స్థాపించారు. దానివల్ల ఆయన ప్రభుత్వం పక్షానికి పోయారని అప్పట్లో అన్నవాళ్ళున్నారు. ఆయన మాత్రం 2009 అక్టోబరులో చనిపోయే వరకూ ప్రభుత్వాన్ని కోర్టులకీడుస్తూనే ఉన్నారు.

ఇంకొకరు ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్. 1987 డిసెంబరులో తూర్పు గోదావరి మన్యంలో గుర్తేడు దగ్గర నక్సలైట్లు అపహరించిన అధికారులలో ఆయన ఒకరు. ఆ మనిషే పదేళ్ళ తర్వాత పౌర స్పందన వేదికకు ముందు నిలిచి, అటు ప్రభుత్వానికీ ఇటు పీపుల్స్ వార్‌కూ ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి, చంపుకోవడం ఆపమని ఇద్దరినీ అడుగుతూ వచ్చారు. 2004 అక్టోబరులో హైదరాబాదులో ప్రభుత్వం, నక్సలైట్లు ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చున్నారంటే ఆ ఓపిక దాని వెనక ఉంది. ఆ చర్చలు నిలవలేదు, అది వేరే కథ. నేను చెప్పదలచినది ఏమిటంటే, తుపాకీ పట్టిన వాళ్ళతో మాట్లాడడానికి శంకరన్‌గారు ఎన్నడూ వెనుకాడలేదు, కానీ వాళ్ళతో మాట్లాడిన ప్రతిసారీ మీరు చంపినవాళ్ళ సంగతేమిటని అడిగారు. చర్చల బల్ల దగ్గర ఎదుటివాడు మనల్నీ మనం ఎదుటివాణ్ణీ ప్రశ్నించుకుంటాం. సంస్మరణ సభలో ప్రధాన వక్తను ఎవరూ ప్రశ్నించరు, తల వంచుకుని వింటారు. అందుకే మొదటిదానికి తగిన మనిషి రెండోదానికి తగకపోవచ్చు.

ఇక ఈ నగరం సంగతి. తెలుగు సినిమా పెరిగిన కోడంబాక్కంలోనే 1990 జూన్ 19న మరో శ్రీలంక తమిళ సంస్థ ఈపీఆర్‌ఎల్‌ఎఫ్ నాయకుడు పద్మనాభను, ఆయనతో ఉన్న పది మందికి పైగా తమిళులను పులులు కాల్చి చంపారు. మనవాళ్ళు చీరలకూ నగలకూ తిరిగే పాండీ బజారులో 1982 మేలో పులుల నాయకుడు ప్రభాకరన్, ఆ సంస్థ నుంచి విడిపోయిన ఉమామహేశ్వరన్ తుపాకులతో తలపడ్డారు. 1991 మే 21 రాత్రి శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీతో పాటు చనిపోయినవారిలో పోలీసులున్నారు, పార్టీ కార్యకర్తలున్నారు, తల్లితో వచ్చిన ఒక బాలిక ఉంది. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు శిబిరాలలోని శరణార్థులందరి మీదా అనుమానపు చూపు పడింది, చేయని నేరానికి వాళ్ళు తలలు వంచుకుని బతికారు. ఇవన్నీ జరిగిన వీధుల్లో నివసించే తెలుగువాళ్ళకు ఇందులో మాట లేదనడం సరికాదు. తమిళుల రాజకీయ హక్కులు ఏమిటి, వాళ్ళకు ప్రత్యేక దేశం కావాలా, సమాఖ్య కావాలా అన్నది తేల్చవలసినది వాళ్ళే, అందులో అన్నగారి మాట నిజం. పిల్లవాణ్ణి ఎత్తుకుపోవడం తప్పని చెప్పడానికి మాత్రం ఆ భాష మాట్లాడేవాడై పుట్టనవసరం లేదు.

అయితే ఆ మాట చెప్పే అర్హత మనకు రావాలంటే ముందు మన ఇంటి లెక్క చూసుకోవాలి. 1987లో శాంతి పరిరక్షణ దళం పేరుతో శ్రీలంక వెళ్ళింది మన సైన్యం. ఆ అక్టోబరు 21న యాళ్పాణం ఆసుపత్రిలోకి చొరబడి రోగులనూ నర్సులనూ డాక్టర్లనూ కలిపి అరవై మందికి పైగా చంపింది. ఆ యుద్ధంలో పన్నెండు వందల దాకా మన సైనికులూ చనిపోయారు, వాళ్ళ తల్లులకు ఆ దుఃఖం తీరలేదు. మీ సభలో భారత పౌరులుగా మీరు ముందు ఆసుపత్రి మృతులను తలచుకోండి. అప్పుడు, మీ పక్షం చంపినవాళ్ళను మీరూ తలచుకోగలరా అని ఆ వక్తను అడిగే హక్కు మీకు ఉంటుంది. నా కొలత ఇదొక్కటే. ఆయన ఏ సంస్థ మనిషి, ఒకప్పుడు తుపాకీ పట్టాడా లేదా అని నేను చూడను. తుపాకీ పట్టి, దింపి, తన చేతుల మీదుగా జరిగినదాన్ని దాచకుండా చెప్పే మనిషి దొరికితే ఆయన్ని మించిన యుద్ధ వ్యతిరేక వక్త ఉండడు.

ఈ కొలత నేను కల్పించుకున్నది కాదు. యాళ్పాణం విశ్వవిద్యాలయంలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించిన డాక్టర్ రజనీ తిరణగమ ఒకప్పుడు గాయపడిన పులులకు వైద్యం చేసిన మనిషి. తర్వాత తన తోటి అధ్యాపకులతో కలిసి, శ్రీలంక సైన్యం చేసినదీ భారత సైన్యం చేసినదీ పులులూ ఇతర దళాలూ చేసినదీ ఏ ఒక్కటీ వదలకుండా రాసిపెట్టారు. 1989 సెప్టెంబరు 21 సాయంత్రం కాలేజీ నుంచి సైకిలు మీద ఇంటికి వెళ్తుంటే ఆమెను కాల్చి చంపారు. ఆమె వయసు ముప్పై అయిదు. చంపింది పులులేనని ఆమె సహచరులు మొదటి నుంచీ చెబుతూ వచ్చారు. మీ వక్త లెక్కలో ఆమె కూడా ద్రోహుల జాబితాలోనే ఉంటారు. మరుసటి ఏడాది అక్టోబరులో ఉత్తర ప్రాంతపు ముస్లింలను, 70,000 మందికి పైగా, పులులు ఉన్నపళంగా వెళ్ళగొట్టారు. యాళ్పాణం పట్టణంలో వాళ్ళకు ఇచ్చిన గడువు రెండు గంటలు. వాళ్ళు మాట్లాడేదీ తమిళమే. తమిళుల పోరాటం అన్న మాటలో రజనీకీ ఆ ముస్లింలకూ చోటు లేకపోతే, ఆ మాటను అంతటి కుంచితార్థంలోకి దించినవాళ్ళే తీర్పరులు, మీరు కాదు.

ఇక ఏం చేయాలో చెబుతాను. వాట్సాప్ గ్రూపులో ఒక్క అక్షరం రాయకండి. అక్కడ రాసిన మాటకు కోపం తప్ప మరో జవాబు రాదు, నలుగురి ముందు పెద్దవారు మాట వెనక్కు తీసుకోలేరు. అన్నగారి ఇంటికి వెళ్ళండి. 2009లో ఆయన ఎక్కడ ఉన్నారో, ఏం చూశారో ముందు అడిగి వినండి. తర్వాత మీ మాట మీ సొంత మాటగా చెప్పండి: 'అన్నా, ఆ రోజు మనం ఎవరి కోసం దీపం వెలిగిస్తున్నామో ఆ చనిపోయినవాళ్ళందరికీ ఆ మనిషి దీపం పెట్టగలడా? ఆ ఒక్కటి ఆయన్ని అడిగి చూద్దాం. పెట్టగలనంటే నేనే స్వాగతం చెబుతాను.' నిజంగానే ఆయనకు ఒక ఉత్తరం రాయండి. మర్యాదగా, రెండే ప్రశ్నలతో. పిల్లలను బలవంతంగా పట్టుకుపోవడమూ ముస్లింలను వెళ్ళగొట్టడమూ తప్పని మీరు ఆ సభలో చెప్పగలరా? పులుల చేతుల్లో చనిపోయిన తమిళుల కోసం కూడా మౌనం పాటించగలరా? సరేనంటే రమ్మనండి, మనుషులు మారతారు, మారడానికి ఎవరో ఒకరు అడగాలి. కుదరదంటే ఆ నిర్ణయం ఆయనే తీసుకున్నట్టవుతుంది, అన్నగారికి కూడా మాట పోదు. ఆయనతో వాదించాలన్న కోరిక అన్నగారికి ఉంటే, మరో రోజు, నాలుగు గోడల మధ్య, ఎదురు ప్రశ్న వేయగలవాళ్ళు కూడా ఉన్న చోట కూర్చోండి. మే 18న కాదు.

ఆ రోజుకు అసలు ప్రధాన వక్త ఎందుకు? ఆ చివరి వారాల్లో ముళ్ళివాయ్క్కాల్‌లో జనం బతికింది ఉప్పులేని గంజి మీద. ఈనాటికీ అక్కడి తమిళులు మే నెలలో ఆ గంజి కాచి దారిన పోయేవాళ్ళకు పోస్తారు. 2024లో తూర్పు తీరాన సంపూర్‌లో అలా గంజి పోసినందుకు ఆడవాళ్ళను అరెస్టు చేశారు, అంటే ఆ గంజికి ఎంత గుండె నిబ్బరం ఉందో చూడండి. మీరు కూడా ఒక పెద్ద గిన్నెడు గంజి కాయండి. నివేదికలోని రెండు సగాలనూ తెలుగులోకీ తమిళంలోకీ మార్చి ఇద్దరు చదవండి. ఆసుపత్రి మృతులు, వన్ని మృతులు, కోడంబాక్కం మృతులు, వెళ్ళగొట్టబడ్డ ముస్లింలు, సైన్యాల్లో చనిపోయిన రెండు దేశాల పేద కుర్రాళ్ళు, అందరినీ తలచుకోండి. ముప్పై మందే వస్తారు. సరిపోతారు.

బృందం ఒప్పుకోకపోతే మీ పేరు కరపత్రం నుంచి తీయించి, ఎందుకు తీయించారో ఒక్క పేజీలో రాసి సభ్యులకు మాత్రమే ఇవ్వండి. పత్రికలకూ పోలీసులకూ ఇవ్వకండి, అది మీ మధ్య మాట. ఆ సాయంత్రం మీ మిత్రురాలితో ఉండండి. వచ్చే నెల సమావేశానికి ఎప్పటిలాగే వెళ్ళండి, అన్నగారికి ఎదురుగా కూర్చోండి.

ఒక జాగ్రత్త మాత్రం మరవకండి. ఈ తగాదాలో మీ మిత్రురాలిని సాక్షిగా నిలబెట్టకండి. ఆమె అన్న కథను మీ వాదనకు బలంగా వాడుకోవద్దు, అన్నగారి దగ్గర కూడా ఆమె అనుమతి లేకుండా చెప్పవద్దు. సభ మీరు కోరిన విధంగా జరిగితే, అందులో ఆ కుర్రవాడి పేరు చదవాలా వద్దా అన్నది ఆమె ఇష్టం, ఆమె తల్లి ఇష్టం. ఆ సంగతి ఫోనులో అడగకండి. ఒక ఆదివారం పూట వాళ్ళింటికి వెళ్ళండి, పెట్టింది తినండి, ఆమె తల్లి ఆ పిల్లవాడి గురించి చెబితే చెప్పినంతసేపూ వినండి. చెప్పకపోతే అడగకుండానే తిరిగి రండి.